దాపటెద్దు మీద శోకం

పోయిన నెల మా పై వాటాలో ఉండే పెద్దమనిషి పోయారు. పలకరించడానికి వెళ్ళాను. హాలు నిండా జనం. ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా, గోడ గడియారం వైపు చూడనట్టుగా చూస్తూ, చేతులు కట్టుకుని కూచున్నారు. మూల బల్ల మీద టేపు రికార్డరు తన మానాన తాను భజన చేసుకుంటోంది. ఇంట్లో ఉన్న దుఃఖమంతా ఆ పెట్టెకి అప్పజెప్పేసి మనుషులు ఖాళీ అయిపోయినట్టున్నారు. మధ్యలో ఒక్కసారి ఆ ఇంటావిడ గొంతులోంచి ఎక్కిలి లాంటిది ఒకటి పైకి వచ్చింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సారీ అండీ" అంటూ దాన్ని వెనక్కి మింగేసింది.

ఎవరూ లేవలేదు. ఎవరూ ఏమీ అనలేదు. తన ఏడుపు తానే ఆపుకుంది ఆవిడ.

మెట్లు దిగి మా వాటాలోకి వచ్చి కాఫీ కలుపుకున్నాను. ఒంటిగాడిని కదా, నా కాఫీ నేనే కలుపుకుని, బాగులేదని నాకు నేనే చెప్పుకోవాలి. ఆ రోజు కాఫీ బాగానే ఉంది గానీ మనసు బాగులేదు. ఎవరి ఏడుపు వాళ్ళే ఆపుకోవడం మా మామ్మ లెక్కలో మహాపాపం. మామ్మంటే మా నాన్నని కన్నతల్లి. ఆవిడ గుర్తుకొస్తే వెనకాలే ఒక ఎద్దు గుర్తుకొచ్చింది. ఎద్దు వెనకాల ఒక పరీక్ష. పరీక్ష వెనకాల ఒక గుండ్రటి సున్నా.

మాది గుణుపురం నుంచి పద్మపూర్ పోయే దారిలో ఒక పల్లె. తాతల నాడు శ్రీకాకుళం పల్లెల నుంచి నాగళ్ళు భుజాన వేసుకుని వచ్చి కొండల మధ్య మళ్ళు చేసుకున్నవాళ్ళం. తర్వాత దొరలెవరో గీత గీస్తే ఆ గీతకి ఇవతల ఒరియా దేశంలో ఉండిపోయాం. మా మామ్మకి ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా ఒప్పుకునేది కాదు. "గీతేటి, నాకు కనపడ్నేదు" అనేది.

చదువు కోసం మా నాన్న నన్నూ మామ్మనూ టౌనులో ఒక గది అద్దెకి తీసి ఉంచాడు. తను పల్లెలోనే సేద్యం చేసుకుంటూ, సంతరోజున బండి కట్టుకుని బియ్యం, రాగుల చోడిపిండి, విస్తళ్ళకి అడ్డాకుల కట్ట దింపి వెళ్ళేవాడు. మా నాన్న నోటి నుంచి మాట రావడం మూడేళ్ళకోసారి కాసే మామిడిచెట్టుకి పూత రావడం లాంటిది. వచ్చినా సగం రాలిపోయేది.

బళ్ళో అంతా ఒరియా. ఇతర తెలుగు పిల్లలు పార్వతీపురంలోనో పర్లాకిమిడిలోనో మేనమామల ఇళ్ళకి చేరిపోయారు. నాకు ఉన్న ఒక్క మేనమామా మా అమ్మ పోయాక మా గుమ్మం తొక్కలేదు. కాబట్టి మా తరగతి మొత్తానికి నేనొక్కడినే తెలుగువాడిని. 'తెలెంగా టొకా' అనేవారు. తెలుగు కుర్రాడని అర్థం. తిట్టు కాదు, పిలుపూ కాదు. కిటికీ పక్క బెంచీ కొసన కూచునేవాడిని. అటు కిటికీ, ఇటు అరజానెడు ఖాళీ. ఆ అరజానెడు ఖాళీ నా జ్ఞాపకంలో పెరిగి పెరిగి ఇప్పుడు నాలుగు ఎకరాలైంది.

రోజు మొత్తంలో బళ్ళో నా చెవిన పడే తెలుగు ఒక్కటే. పొద్దున్నే వరండా ఊడ్చడానికి ఒకావిడ వచ్చేది. మునిసిపాలిటీలో ఊడ్చే పనిచేసేవాళ్ళది సాలూరు వైపు నుంచి వచ్చిన తెలుగు పేట. ఆవిడ చీపురు నాకంటే పొడుగు, ఆవిడ గొంతు చీపురు కంటే పొడుగు.

"ఓ బావూ! ఊడిసిన సోటే తొక్కుతావేటి? నీ కాల్లకి కల్లు నేవేటి?"

నేను కావాలనే ఊడ్చినచోటే తొక్కేవాడిని. తొక్కకపోతే ఆ నాలుగు ముక్కల తెలుగు కూడా దక్కదు మరి.

మా హెడ్మాస్టరుగారు కుర్రతనంలో నాటకాలాడిన మనిషి. ఆయన హాజరు పిలిస్తే వంశధార అవతలి గట్టు మీద పడుకున్న గేదెలు లేచి నిలబడేవని ప్రతీతి. నేను చూడలేదు గానీ, గేదెలు అబద్ధమాడవు. ఆయనకి ఒక ఏడు బుర్రలో పురుగు దూరింది. పై తరగతికి పోవాలంటే లెక్కలు, చరిత్రతో పాటు ఏకపాత్రాభినయం పరీక్ష కూడా నెగ్గాలన్నారు. ఎవరి పాత్ర వాళ్ళే ఎంచుకోవాలి. ఏడు నిమిషాలు. ఏ భాషైనా సరే. పరీక్షించడానికి బరంపురం నుంచి ఒక పెద్దాయన వస్తాడు. అన్నిటికంటే కింద, పెద్ద అక్షరాలతో ఒక నియమం రాసి నోటీసు బల్లకి మేకు కొట్టారు: వేదిక మీద రెండో మనిషి కాలు పెడితే సున్నా.

ఆ వారం సంతకి వచ్చినప్పుడు మా నాన్న నోటికి పూత వచ్చింది. "తప్పితే ఇంటికొచ్చీ. అరక పట్టుదువు గాని" అన్నాడు. అంతే, మాట రాలిపోయింది.

అరకంటే నాకు భయమని కాదు. అది నాకంటే రెండు జానలు పొడుగే, నిజమే. కానీ మా అమ్మ పుట్టింటికి పురుటికి వెళ్తూ బండి మీంచి ఒక మాట అంది. "బాగా సదువుకో నాయినా. నాకు కార్డుముక్క రాయాల" అని. నాకప్పుడు ఏడేళ్ళు. అక్షరాలు ఇంకా కుదురుగా నిలబడేవి కావు. అవి నిలబడేలోగా అవతలి నుంచే కార్డు వచ్చేసింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదని. ఆ కార్డు కొండలెక్కి దిగి మా ఊరు చేరేసరికి అక్కడ దినాలు కూడా అయిపోయాయి. నేను చదువుతూ ఉంటే ఆ మాట ఇంకా చెల్లుతూనే ఉన్నట్టు నా లోపల ఒక వెర్రి ఉండేది. బడి మానేస్తే అదీ అయిపోతుంది. అందుకని ఏకపాత్ర నెగ్గి తీరాలి.

మా తరగతిలో ముప్పైమంది ఉంటే ఇరవైరెండు మంది రాజులయ్యారు. ఐదుగురు మునులు, ఇద్దరు దేవుళ్ళు. కిరీటాల కోసం ఊళ్ళో అట్టలు దొరక్కుండా పోయాయి. కొట్లలో సబ్బులు పెట్టె లేకుండా విడిగా అమ్మారు. నేనూ రాజునే అవుదామనుకున్నాను. గది వెనక పెరట్లో నిలబడి, పనసాకులు నెత్తిన కట్టుకుని, శత్రువుల మీద గర్జించాను. మామ్మ చింతపండు పిక్కలు తీస్తూ కాసేపు చూసింది.

"ఒరే, ఎవులతో మాటాడతన్నావు?"

"ఎవరితోనూ కాదు మామ్మా. రాజు ఒక్కడే మాట్లాడతాడు. అది ఏకపాత్ర."

"ఒక్కడే ఏల మాటాడతాడు? ఆడికి పెల్లాం నేదేటి? మంత్రి నేడేటి?"

"ఉంటారు గానీ రారు."

"అయితే ఆడికి బుర్ర సెడింది. ఒంటిగా మాటాడీవోల్లు ఇద్దరేరా లోకంలో. ఒకడు పిచ్చోడు. రెండోది శోకమెట్టే ఆడది. అదీ ఒంటిగా కాదు, పోయినోల్లతో మాటాడతాది."

నా నెత్తిన పనసాకులు అక్కడికక్కడే రాలిపోయాయి. ఎందుకంటే మా మామ్మ శోకంలో చక్రవర్తి. చుట్టుపక్కల పదహారు పల్లెల్లో ఎవరు పోయినా మామ్మకి కబురొచ్చేది. చచ్చినవాడు లేచి కూచుని తన మంచితనం విని సిగ్గుపడి మళ్ళీ పడుకునేటట్టు ఏడ్చేది. పోయినాయన బతికుండగా చేసిన ప్రతి మేలూ, తిన్న ప్రతి వంటా, మానేసిన ప్రతి అలవాటూ వరసగా ఎత్తి, రాగం తీసి, మధ్యలో "నాకేటి సెప్పి ఎల్లేవు" అని నిలదీసేది. ఒక్కత్తే మాట్లాడేది. గంటలకి గంటలు. దీన్ని మించిన ఏకపాత్ర బరంపురం ఆయన ఏడు జన్మలెత్తినా చూడడు.

"నాకు శోకం నేర్పు మామ్మా."

ఆవిడ చెయ్యి చింతపండు బుట్టలో ఆగిపోయింది. "ఎవుల మీద?"

"ఊరికే. పరీక్షకి."

"ఊరికే శోకమేటిరా, గుంటడా! నోరు కడుక్కో. పోయినోల్లు ఎవులో ఒకులు ఉండాల. నేకపోతే అది ఎవుల్నో ఒకుల్ని ఎతుక్కుంటాది."

ఇద్దరం పోయినవాళ్ళని వెతకడం మొదలుపెట్టాం. తాత మీద శోకం ఎప్పుడో అయిపోయింది, చేసిందే మళ్ళీ చెయ్యకూడదట. ఇద్దరికీ తెలిసిన ఇంకొకరున్నారు. వాళ్ళ పేరు నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. చింతపండు బుట్టలో పిక్కలన్నీ అయిపోయాయి.

"మన దాపటెద్దు పోనాది గదా" అంది మామ్మ చివరికి. "దాని మీద పెట్టు. గొడ్డు మీద శోకం తప్పు కాదు. రైతు కొంపకి అది పెద్దకొడుకు."

కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు దాపటెద్దు, కుడివైపుది వెలపటెద్దు. మా దాపటెద్దు ఆ వానల్లోనే పోయింది. ఏనుగుకి కొంచెం తక్కువ, గుర్రానికి చాలా ఎక్కువ. ఒకసారి నాన్న బండి మీద నిద్రపోతే దానంతట అదే సంతకి పోయి, తౌడు కొట్టు ముందు ఆగి, బేరం కూడా ఆడిందని ఊళ్ళో చెప్పుకునేవారు. నేను చెప్పగా చెప్పుకునేవారు.

నేర్పడం మొదలైంది. బళ్ళో నాకెవరూ అంత శ్రద్ధగా ఏదీ నేర్పలేదు. ముందు పిలుపు. తర్వాత మేళ్ళు. తర్వాత నిలదీత. ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి గుండె మీద. ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది అసలు విద్య. పాదం చివర రాగం ముక్కులోకి లాగి, చీదినట్టు చీది, ఆ చీదడంలోనే ఊపిరి పీల్చేసుకోవాలి. ఎవరికీ తెలీదు.

"ఓ నా దాపటి తండ్రీ... సాలు తప్పని సామీ... సెప్పకండా ఎల్లిపోనావా తండ్రీ... నీ కుడితి కుండ ఎవులు తాగుతారు తండ్రీ... ఎలపటోడు ఒంటిగా నిలబడిపోనాడు, ఆడికేటి సెప్పమంటావు తండ్రీ..."

రెండో రోజుకి మా ఇంటి యజమానైన పక్కింటి ఒరియా షావుకారు భుజాన తువ్వాలు సర్దుకుని, మొహం తగినంత దిగులుగా పెట్టుకుని వచ్చాడు. ఎవరు పోయారని అడిగాడు.

"ఎద్దు బావూ" అంది మామ్మ.

"అయ్యో. ఎప్పుడు?"

"వానలప్పుడు."

ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన పెళ్ళాం మా గోడ పక్కన వడియాలు ఆరబెట్టడం మానేసింది.

ఎద్దు చేసిన మేళ్ళు వరసగా ఎత్తుతున్నాను. ధాన్యం మోసింది, కలప లాగింది, సంతకి తెచ్చింది. ఒకరోజు నోటికి అలవాటుగా, "గుణుపురం టేసనుకి బండి..." అని మొదలుపెట్టాను.

"అదొద్దు" అంది మామ్మ గబుక్కున. "సంత తర్వాత కుప్పనూర్పులకి ఎల్లిపో."

నేను కుప్పనూర్పులకి వెళ్ళిపోయాను.

చివరి సంగతి ఆఖరి రోజున చెప్పింది. "శోకం మొదలెట్టింది నువ్వైనా ఆపేది నువ్వు కాదు. ఎవులో ఒకులు వచ్చి, గెడ్డం పట్టుకుని, 'ఊరుకో' అనాల. అంతవరకూ ఆపకూడదు. తనకి తానే ఆపుకున్నోల్ల దుక్కం లోపలే కుల్లిపోతాది."

"పరీక్షలో రెండో మనిషి రాకూడదు మామ్మా. వస్తే సున్నా."

"ఆల్లదేం పరీచ్చరా! మనిసి ఏడుత్తుంటే రాకూడదేటి?"

"ఎవరూ రాకపోతే ఏం చెయ్యాలి?"

"రాకపోడమేటి" అంది మామ్మ, నాకు తెలివి లేదన్నట్టు చూసి. "మనుసులన్నాక వస్తారు."

నేను నా తెలివికి తగ్గ ఉపాయం పన్నాను. ఏడో నిమిషం గంట కొట్టగానే నా గెడ్డం నేనే పట్టుకుని, గొంతు మార్చి, "ఊరుకో" అనుకుని, లేచి దణ్ణం పెట్టేస్తాను. ఇటు మామ్మ నియమం, అటు హెడ్మాస్టరు నియమం, రెండూ చెల్లుతాయి.

పరీక్ష రోజున హాలు నిండిపోయింది. రెండొందల మంది ఉంటారు, నా కళ్ళకి రెండు వేలు. తెర డ్రిల్లు మాస్టారి దుప్పట్లు రెండు కలిపి కుట్టింది. బరంపురం పెద్దాయన మీసాలు ఎంత పెద్దవంటే, రైల్లో వాటికి వేరే సీటు అడిగి ఉంటారనిపించింది. పొద్దున్నించీ రాజులు వస్తున్నారు, గర్జిస్తున్నారు, కిరీటం జారిపోతోంది, ఎత్తి పెట్టుకుంటున్నారు, పోతున్నారు. ప్రతి రాజుకీ ముందు వరసలో ఒక తల్లో తండ్రో ఉన్నారు. కిరీటం జారినప్పుడల్లా వాళ్ళ చేతులు వాళ్ళకి తెలీకుండా పైకి లేస్తున్నాయి. మామ్మకి ఆ మెట్లెక్కే మోకాళ్ళు లేవు. నాన్నకి కోతలు.

నా వంతు వచ్చింది. మామ్మ పాత చీర నిక్కరు మీద చుట్టుకుని, చెంగు నెత్తిన వేసుకుని వెళ్ళి నేల మీద చతికిలబడ్డాను. హాలు గొల్లుమంది. నేను అదే కోరుకున్నాను. చెయ్యి నేలకి కొట్టి "ఓ నా దాపటి తండ్రీ" అని ఎత్తాను. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చీదినప్పుడల్లా నవ్వు. బరంపురం మీసాలు కూడా రెండు కొసలూ ఒకేసారి లేచాయి. ధాన్యం మోశాను. కలప లాగాను. సంతకి వచ్చాను. ఇంక కుప్పనూర్పులకి వెళ్ళాలి.

ఎందుకో వెళ్ళలేదు. ముందు వరసలో ఎవరి తల్లో తన కొడుకు కిరీటం ఒళ్ళో పెట్టుకుని, ఊడిన కాగితం వేలితో అదుముతోంది. నేను అటు చూశాను. బండి దానంతట అదే వేరే దారి పట్టింది.

"గుణుపురం టేసనుకి బండి కట్టినాం తండ్రీ... మా అమ్మ ఎనకాల కాల్లు ఏలాడేసుకు కూకున్నాది తండ్రీ... బరువు మనిసని తెలుసు నీకు, మెత్తగా నడిసినావు తండ్రీ... రాయి తగల్నీలేదు, గొయ్యి తగల్నీలేదు... ఎల్లినప్పుడు నిండు బండి, వచ్చినప్పుడు ఒట్టి బండి... ఎక్కడొగ్గీసేవు తండ్రీ మా అమ్మని... కార్డు రాయమన్నాది... రాసీలోగా కార్డు వచ్చీసింది... నాకేటి సెప్పి ఎల్లిందో నీకు ఇనపడిందా తండ్రీ..."

గంట కొట్టారు. నా గెడ్డం పట్టుకుందామని చెయ్యి ఎత్తాను. ఆ చెయ్యి గెడ్డం దాకా రాలేదు, గుండె మీదే ఉండిపోయింది. మళ్ళీ గంట కొట్టారు. నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. నేను ఆపలేకపోతున్నాను. ఏడుపు నాది, తాళం ఎవరి దగ్గరో ఉంది. రెండొందల మంది కదలకుండా చూస్తున్నారు. మంచివాళ్ళే అందరూ. ఇది అభినయమేమో, చెడగొట్టకూడదేమోనని చూస్తున్నారు. మనుషులన్నాక వస్తారంది మామ్మ. ఆ ముందు వరసకీ నాకూ మధ్య ఉన్నంత ఖాళీ నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు మా వాటాలో అది కనిపిస్తూ ఉంటుంది.

వరండాలో చీపురు కింద పడ్డ చప్పుడైంది.

పెద్దలు కూచున్నప్పుడు హాలు గడప దాటకూడని మనిషి, వరసల మధ్య నుంచి నడిచి, ఒకాయన "ఏయ్, ఏయ్" అంటున్నా వినకుండా, మెట్లెక్కి వేదిక మీదకి వచ్చింది. నా ముందు గొంతుక్కూచుంది. దుమ్ము వాసన. చుట్ట వాసన. చేత్తో నా గెడ్డం పట్టుకుంది.

"ఊరుకో బావూ. ఊరుకో నాయినా. సాలింక. మీయమ్మ ఇనేసిందిలే, ఊరుకో."

తన కొంగుతో నా ముక్కు తుడిచింది. ఎవరో గొళ్ళెం పెట్టినట్టు ఏడుపు ఆగిపోయింది.

హెడ్మాస్టరుగారు లేచి నిలబడ్డారు. గేదెల్ని లేపే గొంతు ఆ రోజు నాకోసమే వాడారు. "ఈమె ఎవరు? ఎవరు రమ్మన్నారు?" అని ఒరియాలో గర్జించారు. ఆవిడ నా గెడ్డం వదిలి, కొంగు సర్దుకుంటూ లేవబోయింది. బరంపురం పెద్దాయన మాత్రం మెల్లగా అడిగారు. "బాబూ, ఈమె నీతో వచ్చిన మనిషా? లేక తనంతట తానే పైకి వచ్చేసిందా? ఆలోచించుకుని చెప్పు."

ఆయన నాకు దారి ఇస్తున్నారని తెలుస్తూనే ఉంది. తనే వచ్చేసిందంటే నాకు సున్నా ఉండదు, ఆవిడకి పని ఉండదు. నా మనిషంటే నేను పోతాను. నోటీసు బల్ల మీది పెద్ద అక్షరాలు గుర్తొచ్చాయి. అరక గుర్తొచ్చింది.

"మా పిన్ని, ఆజ్ఞా" అన్నాను, 'అయ్యా' అనే ఒరియా మర్యాదతో. "నేనే రమ్మన్నాను."

హాల్లో మళ్ళీ నవ్వులు. తెలెంగావాడి పిన్ని చీపురావిడ! నా జీవితంలో మొదటిసారి జనం నవ్వుతుంటే నాకు నవ్వించాలనిపించలేదు. ఆయన కలం మూత తీసి, నావైపు ఒక్క క్షణం చూసి, కాగితం మీద సున్నా చుట్టారు. తొందరపడకుండా, మంచి గుండ్రంగా చుట్టారు.

మామ్మకి అంతా చెప్పాను. పిన్ని మాట దగ్గర ఆవిడ మొహం చూడకుండా చెప్పాను. ఎందుకంటే మామ్మ ఆ పేట వాళ్ళు దాహం అడిగితే చెంబు ఇచ్చేది కాదు, ఎత్తి దోసిట్లో పోసేది. స్టేషను మాట దగ్గర కూడా చూడలేదు.

మామ్మ లేచి నాకు చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. తర్వాత, "సున్నాకేటి, గారెలాగ ఉంటాది" అంది. ఖాళీ చెంబు అందుకుని, "ఊరుకోబెట్టిన మనిసికి అన్నమెట్టాల. నేకపోతే శోకం తీరదు. రమ్మను" అంది.

ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నాం. నాన్న కూడా సున్నా సంగతి విని నన్ను తీసుకుపోవడానికి బండితో వచ్చి ఉన్నాడు. పనసపొట్టు కూర ఆవపెట్టి వండింది మామ్మ. ఎండుచేపల పులుసు కాచింది. ఆ పులుసు వాసనకి వీధి చివర పిల్లులు బంధువులకి కబురు పంపాయి. చీపురావిడ ఉతికిన చీర కట్టుకుని, అరుగు కింద, వీధిలో నిలబడింది.

"నానిక్కడే తింతానమ్మా. ఆకులో పెట్టీయండి."

మామ్మ అడ్డాకు విస్తరి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ గుమ్మం దగ్గర మా మామ్మ ఎంతసేపు నిలబడిందో నాకు గుర్తులేదు. డెబ్భై ఏళ్ళు నిలబడిందని నా లెక్క. ఆ తర్వాత వెనక్కి తిరిగి, లోపలి వసారాలో, తను కూచునే పీట పక్కన ఆ విస్తరి పరిచింది.

"రా అమ్మి" అంది.

నాన్న తలెత్తి చూశాడు.

ఆవిడ రెండు ముద్దలు తింది. "గుంటడు బాగా ఏడిసినాడమ్మా. నాకు మాయమ్మ గురుతుకొచ్చీసింది" అంది. మామ్మ పులుసు వడ్డిస్తూ వడ్డిస్తూ గరిట గిన్నెలో వదిలేసి, అక్కడే నేల మీద కూలబడింది. ఒక చెయ్యి నేల మీద. ఒక చెయ్యి గుండె మీద.

"ఓ నా కోడలా... నా ఇంటి దీపమా... నీ మీద శోకం పెట్నేదే కోడలా... కార్డు వచ్చేసరికి దినాలు అయిపోనాయే... ఉప్పుకల్లు కాడ మాటా మాటా వచ్చిందే... ఎల్లు ఎల్లు అన్నానే... ఎల్లమన్నాను గానీ రావద్దన్నానేటే కోడలా..."

పదహారు పల్లెల శోకాలు విన్నాను గానీ మామ్మ ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో నాకు తెలియనిది ఆ ఒక్కటే. నాన్న గోడ వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. చీపురావిడ ఎంగిలి చేత్తోనే లేచింది. ఎడమచేత్తో మామ్మ గెడ్డం పట్టుకుంది. ఎంగిలి, మైల, ఎవరికీ గుర్తు రాలేదు.

"ఊరుకో అమ్మా. ఊరుకో. ఆ తల్లి ఇనేసిందిలే."

సాయంత్రం నాన్న బండి కట్టాడు. నేను నా రేకుపెట్టె తెచ్చి ఎక్కించబోయాను. ఆయన దాన్ని దింపి అరుగు మీద పెట్టేశాడు. "ఇంకో ఏడు సదువుకో" అన్నాడు. కొత్త దాపటెద్దు ఇంకా దారి తెలియక అటూ ఇటూ చూస్తోంది.

మరుసటేడు అదే తరగతిలో, అదే కిటికీ పక్కన కూచున్నాను. ఏకపాత్రకి తౌడు బేరమాడే ఎద్దు వేషం కట్టాను. హాలు కూలిపోయేటట్టు నవ్వారు. నూటికి నూరు మార్కులు. ఇప్పటిదాకా ఆ ఎద్దు మీదే, జనాన్ని నవ్విస్తూ బతుకుతున్నాను. కానీ నాకు మిగిలింది సున్నా ఇచ్చిన ఆ ఒక్క అదనపు ఏడాదే. మామ్మతో ఒక ఏడు. ఆదివారం మధ్యాహ్నాలు మా వసారాలో మూడు విస్తళ్ళు.

మామ్మ పోయినప్పుడు నేను దూరదేశంలో ఉద్యోగంలో ఉన్నాను. తంతి నేను ఖాళీ చేసిన గదికి పోయి, ఊరంతా తిరిగి, నా చేతికి వచ్చేసరికి దినాలు అయిపోయాయి. అయిపోయాక శోకం పెట్టకూడదు. పెట్టినా, ఆపడానికి ఆ చీపురావిడ అంతకు ముందే వెళ్ళిపోయింది.

పై వాటా ఆవిడ సంగతి మరిచిపోలేదు. పదకొండో రోజు పొద్దున్న, టేపు రికార్డరు వినిపించడం మానేశాక, మెట్లెక్కి తలుపు తట్టాను. ఆవిడే తీసింది. జుట్టు దువ్వుకుని, మొహం కడుక్కుని, అన్నీ సర్దుకుని ఉంది.

గెడ్డం పట్టుకునే చనువు లేదు, వయసూ కాదు. గుమ్మం అవతలే నిలబడి, "ఊరుకోండమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "నేనేం ఏడవడం లేదే అండీ" అంది.

"అదేనమ్మా" అన్నాను. "పదకొండు రోజులైంది. ఎవరూ ఈ మాట అనలేదేమోనని వచ్చాను."

ఆవిడ తలుపు రెక్క పట్టుకుంది. ముందు గెడ్డం వణికింది. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, ఒక కుర్చీ లాక్కుని, తొందర లేనివాడిలా కూచున్నాను.